తల పట్టని గౌను

రేపు చర్చిలో మా చిన్నమ్మాయి సుజాత పాట పాడాలి. కొత్త గౌను కోసం నిరుడు న్యూస్‌పేపరు మీద కత్తిరించిన కొలతే తీసి, పిల్ల పెరిగింది కదా అని చుట్టూ అంగుళం పెంచాను. మంగళగిరి గుడ్డ ఇంకో ముక్క లేదు. ఈ మధ్యాహ్నం కుట్టడం పూర్తిచేసి తొడిగితే తల పట్టలేదు. మెడ చుట్టూ కూడా గుడ్డ అంగుళం లోపలికి పెంచేసరికి, తల దూరే కంత కాస్తా ఇరుకైపోయింది!

గౌను లోపలినుంచే సుజాత, "అమ్మా, రేపు ఇలాగే పాడనా?" అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా అత్తగారు నవ్వి, "ఇరుకైతే కత్తెర ఉందిగా అమ్మాయ్! వెడల్పయితే ఏం చేసేదానివి?" అన్నారు.

మెడ కత్తిరించి పట్టీ వేశాను. తల హాయిగా దూరింది, నాకు ఊపిరాడింది. అన్నీ కొలిచి రాసుకునే నేనే ఇలా చేశాను. మీలో ఇంకెవరైనా ఉన్నారా, నేనొక్కదాన్నేనా?