గడ్డి మిషన్ అని చెప్పింది నేనే

మా అక్క భర్త బెల్లం గానుగలో చెరుకు పెట్టే పని చేసేవాడు. మోటారు తిరుగుతుంటే ఇనప రోలర్ల మధ్యకి గడలు అందివ్వాలి. కింద పడ్డ పొట్టి ముక్కల్ని అందరూ పిప్పిలోకి విసిరేస్తారు. బావ మాత్రం ఏరి తెచ్చి అరచేత్తో లోపలికి నెట్టేవాడు. ఒకప్పుడు సొంతంగా చెరుకు పండించిన మనిషి, ముక్క పారేయడం తప్పనిపించేది అతనికి. రోలర్ల ముందు అడ్డు రేకు ఉండాలి. పనికి అడ్డమొస్తోందని ఎప్పుడో తీసి గోడకి ఆనించారు. దాని మీద పనివాళ్లు తువ్వాళ్లు ఆరేసుకునేవారు.

ఒక పొద్దున అలా నెట్టిన ముక్క వెంటే కుడి చెయ్యి కూడా వెళ్లిపోయింది. మోటారు ఆపేసరికి మణికట్టు దాకా నలిగిపోయింది.

గానుగ యజమాని మాతోపాటు ఆటో ఎక్కాడు. ఊరి వరసకి బావకి మామ. తువ్వాలు చుట్టిన బావ చేతిని తన ఒళ్లో పెట్టుకుని అనకాపల్లి ఆసుపత్రి దాకా ఏడుస్తూనే ఉన్నాడు. అది దొంగ ఏడుపు కాదు, అందుకే నేను మెత్తబడ్డాను. మెట్ల దగ్గర నా భుజం పట్టుకున్నాడు.

"గానుగ కాడని సెప్పకు నాయనా. పోలీసులొత్తే అంతా మూసేత్తారు. మీ బావని నేను సూసుకుంటాను."

లోపల చీటీ రాసేవాడు ఎలా జరిగిందని అడిగాడు. అక్క నా వైపు చూసింది, ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ని నేనొక్కణ్నే మరి. ఇంటి దగ్గర గడ్డి కోసే మిషన్లో పడిందని చెప్పాను. కింద ఇంగ్లీషులో మెలికలు తిప్పి సంతకం కూడా చేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ సామెత నాకోసమే పుట్టి ఉంటుంది. మా ఇంట్లో అసలు గడ్డి మిషనే లేదు.

చెయ్యి తీసేశారు. మామ రెండుసార్లు పళ్లు పట్టుకొచ్చాడు, మూడోసారి రాలేదు. ఎడమ చేత్తో అన్నం తినడానికి బావ సిగ్గుపడేవాడు. గోడ వైపు తిరిగి తినేవాడు. అక్క ముద్దలు కలిపి పెడతానంటే పళ్లెం తోసేసేవాడు. నాకు ఆ ఇంటికి వెళ్లాలంటేనే భయం వేసేది.

కొన్నాళ్లకి సబ్బవరంలో ఫ్యాక్టరీ పని చేసే మా ఊరాయన ఒకాయన చెబితే లేబర్ ఆఫీసుకి వెళ్లాం. ఆఫీసరమ్మ బావకి కుర్చీ చూపించింది. పనిలో దెబ్బ తగిలితే పరిహారం అడగడం హక్కనీ, ఎవరి దయా అక్కర్లేదనీ చెప్పింది. ఆ మాటకి బావ నిటారుగా కూర్చున్నాడు. చాలా నెలల తర్వాత అలా కూర్చోవడం చూశాను.

తర్వాత ఆవిడ ఆసుపత్రి కాగితం చదివింది. ఇంటి దగ్గర జరిగినట్టు ఉందేమని అడిగింది. పిలిపిస్తే వచ్చిన మామ తలెత్తకుండా, "ఆళ్ల బామ్మర్దే అలా రాయించేడండి, నాకేటి తెలుసు" అన్నాడు. వాడి మీద అసహ్యం వేసింది. నా మీద అంతకు మించి వేసింది.

ఆసుపత్రిలో బావకి స్పృహ లేదు. ఆ అబద్ధం నాదని అతనికి తెలిసింది అప్పుడే.

అబద్ధం చెప్పినవాళ్లే జరిగింది రాసిస్తే తీసుకుంటానని, అయితే అది నా మెడకీ చుట్టుకోవచ్చని ఆఫీసరమ్మ ముందే హెచ్చరించింది. తెల్ల కాగితం నా ముందు పెట్టింది. నేను కదల్లేదు. నా ఉద్యోగం, నా పిల్లలు గుర్తొచ్చారు, దాచడం ఎందుకు. బావ ఎడమ చేత్తో పెన్ను తీసుకుని కాగితం మీద ఏదో గీశాడు. అక్షరం కుదరలేదు. పెన్ను నా వైపు జరిపాడు.

"నీ సెయ్యి బాగానే ఉంది గదా బామ్మర్దీ. నువ్వే రాయి."

రాశాను. రాస్తున్నంతసేపూ అతను నా కుడి చేతినే చూస్తూ కూర్చున్నాడు.