కోణం చిన్నదనుకోండి

పటమటలోని ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్సు చెప్పడం మొదలుపెట్టినప్పుడు నా జడ నడుము దాటి ఉండేది. ఇప్పుడు జుట్టుకి రంగు వేయడం కూడా మానేశాను. అలా మానేసిన ఏడాదే సిలబస్ మారింది. ఫిజిక్సు ప్రాక్టికల్స్‌లో సగం కంప్యూటర్ మీద చేయించాలన్నారు. పిల్లలే ప్రోగ్రాములు రాసి, లెక్కలు కట్టి, గ్రాఫులు గీయాలి. ఆ సంగతి తెలిసిన రోజే ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను పిలిపించారు.

"ఆ ల్యాబు కంప్యూటర్ సారుకి ఇచ్చేస్తున్నామండీ. మీరు హాయిగా థియరీ చెప్పుకోండి," అన్నారు.

"ఫిజిక్సు ల్యాబు ఆయనకెందుకండీ?"

"అవన్నీ కొత్త లాంగ్వేజీలండీ. ఈ వయసులో మీకెందుకు చెప్పండి ఆ తలనొప్పి?"

ఆవిడ నాకంటే ఏమంత చిన్నదీ కాదు. మాటలో వెటకారం కూడా లేదు. నిజంగానే నా మీద జాలిపడుతున్నారు. ఆ జాలికే నాకు ఒళ్లు మండింది.

ఆ మంట కొత్తది కాదు. నేను పీజీ చదివే రోజుల్లో మా డిపార్టుమెంటుకంతా ఒకటే కంప్యూటరు. మగపిల్లల బ్యాచి అయ్యాక మిగిలిన టైములో ఆడపిల్లలు చేసుకోవచ్చని చెప్పారు. ఆ మిగిలిన టైము ఎప్పుడూ మిగల్లేదు. అద్దాల తలుపు ఇవతల నిలబడి, లోపల వాళ్లు ఏం చేస్తున్నారో చూసి వచ్చేవాళ్లం. అప్పుడు నోరెత్తలేదు. ఈసారి అలా వచ్చేసే ఉద్దేశం నాకు లేదు.

ఇంటికి రాగానే, మా అమ్మాయి వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ దుమ్ము దులిపి, ఆన్‌లైన్‌లో ఒక కోర్సులో చేరాను. అసలేమీ రానివాళ్ల కోసమే అని పైనే రాసుంది. సైన్సు లెక్కల కోసం తయారుచేసిన భాష. పేరు జూలియా.

మా అత్తయ్య మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా దగ్గరే ఉంటుంది. హాల్లో కూర్చుని నేను వింటున్న పాఠం తనూ విని, "ఎవరే ఆ జూలియా? మన చర్చి సంఘంలో ఆవిడా?" అని అడిగింది. కాదు, అది కంప్యూటర్ భాష, నేర్చుకుంటున్నానని చెప్పాను. కాసేపు ఆలోచించి, "కష్టమా?" అంది. కష్టమేనన్నాను. "అయితే ప్రార్థనలో పెడతా," అంది. ఆ వారం గృహకూటంలో, కోడలికి జూలియా రావాలని నిజంగానే ప్రార్థన చేయించింది. ఆ జూలియా ఎక్కడినుంచి రావాలో తెలియకుండానే అందరూ ఆమేన్ అన్నారు.

మావారికి వన్ టౌన్‌లో మోటారు పంపుల సామాన్ల దుకాణం. ఆయన మాత్రం, "వాళ్లే వద్దంటుంటే నువ్వెందుకు మీదేసుకుంటావ్?" అన్నారు.

"వద్దన్నారు కాబట్టే," అన్నాను.

పొద్దున్నే లేచి, వంటింట్లోకి వెళ్లకముందే ఒక పాఠం చూసేదాన్ని. పాఠం చెప్పే అబ్బాయి ఇంగ్లీషు పరుగే పరుగు. వేగం తగ్గిస్తే నిద్రమత్తులో మాట్లాడుతున్నట్టుండేది. రెండిటికీ మధ్య ఎక్కడో సర్దుకున్నాను. పెద్ద అక్షరం బదులు చిన్న అక్షరం కొడితే తప్పు. ఒకే పనిని తిప్పి తిప్పి చేయించే లూపు రాసి, చివర ‘ఎండ్’ మర్చిపోతే తప్పు. తప్పు చేసినప్పుడల్లా తెర మీద ఎర్రటి అక్షరాలు బారుగా దిగేవి. మొదట్లో వాటిని చూడగానే ల్యాప్‌టాప్ మూసేసేదాన్ని. తర్వాత కూర్చుని నింపాదిగా చదవడం మొదలుపెట్టాను. ఏ లైనులో, ఏ మాట దగ్గర తనకు అర్థం కాలేదో అది మర్యాదగానే చెబుతోంది. నా సర్వీసులో నాతో అంత వివరంగా మాట్లాడిన పై అధికారి ఎవరూ లేరు.

ఇంకొకటి కూడా నాకు బాగా నచ్చింది. ఫిజిక్సులో కోణానికి తీటా అని గ్రీకు అక్షరం రాస్తాం. ఈ భాషలో ఆ తీటాని తీటాలాగే రాయొచ్చు. బోర్డు మీద ఇన్నేళ్లు రాసిన అక్షరం తెర మీద కనిపించేసరికి, ఇది నా ఇల్లే, నన్నే బయట నిలబెట్టారు అనిపించింది.

ఇంతలో మే నెల వచ్చింది. ఎండాకాలంలో మా ప్రైవేటు కాలేజీల లెక్చరర్లకు అడ్మిషన్ల డ్యూటీ పడుతుంది. కాలేజీ వ్యానెక్కి, ఊళ్లు తిరిగి, ఇంటర్ పాసైన ఆడపిల్లల ఇళ్లకు వెళ్లి మా కాలేజీలో చేరండని అడగాలి. నాకు కూచిపూడి వైపు ఊళ్లు పడ్డాయి. కాలవలు కట్టేసిన రోజులు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటేదాకా రోడ్డు పక్కన ఎండిన కాలవే. నేను ఫోనులో దింపుకున్న పాఠాలు చూసుకుంటూ వెళ్లాను. తీరా ఊరు వచ్చేసరికి చేతిలో పాంప్లెట్లు, బుర్రలో లూపులు.

ఒక ఇంట్లో తల్లి మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుని సూటిగా అడిగింది.

"ఫిజిక్సులో చేరితే ఏం నేర్పుతారండీ? కంప్యూటర్లో చేర్చమంటంది వాళ్ల మేనత్త."

"ఈ ఏడాది నుంచి ఫిజిక్సులో కూడా కంప్యూటర్ ల్యాబు ఉందండీ."

"ఎవరు చెప్తారండీ?"

పాంప్లెట్లో అనుభవజ్ఞులైన కంప్యూటర్ అధ్యాపకులు అని ఉంది. ఆ మాటే చదివేస్తే సరిపోయేది. నా నోటి వెంట మాత్రం వేరే మాట వచ్చింది.

"నేనేనండీ."

గడప దగ్గర నిలబడ్డ పిల్ల తలెత్తి చూసింది. "మీకు వచ్చా మేడమ్?"

"వస్తది. నువ్వు చేరేసరికి వస్తది," అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. తల్లి నవ్వలేదు. నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, "సరేనండీ, మీ మాట మీద చేరుస్తా," అంది. వ్యానులో కూర్చున్నాక నాకు పట్టిన చెమట ఎండకు పట్టింది కాదు. అప్పటికి నాకు వచ్చింది మూరెడు. నేర్చుకోవాల్సింది బారెడు. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

కోర్సు చివర ఎవరికి వాళ్లు ఒక సొంత ప్రాజెక్టు చేయాలి. నేను లోలకం ఎంచుకున్నాను. దారానికి వేలాడే గుండు అటూ ఇటూ ఊగడం, అంతే. మా సబ్జెక్టులో అంతకంటే పాత పాఠం లేదు. ఆ పాఠం ఎప్పుడు చెప్పినా, ఎవరు చెప్పినా, "కోణం చిన్నదనుకోండి" అని మొదలుపెడతారు. గుండుని కొంచెమే పక్కకు లాగి వదిలితే లెక్క తేలిగ్గా బోర్డు మీద తెగుతుంది. బాగా పైకి లాగి వదిలితే తెగదు. అందుకని కోణాన్నే చిన్నది చేసేస్తాం. ఇప్పుడు నా చేతిలో ఆ షరతు అవసరం లేని పనిముట్టు ఉంది. గుండుని అడ్డంగా, దారం నేలకు సమాంతరమయ్యేదాకా లాగి వదులుదామనుకున్నాను.

పద్ధతి తేలికే. కాలాన్ని సన్నని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో గుండు వేగం ఎంత మారింది, గుండు ఎంత జరిగింది అని కట్టుకుంటూ పోవడమే. ప్రోగ్రాము రాశాను. నడిచింది. ఒక్క ఎర్ర అక్షరం కూడా రాలేదు. గ్రాఫు మాత్రం ఊగేకొద్దీ పెద్దదవుతోంది! ఎవరూ తొయ్యకుండా లోలకం అంతకంతకూ పైకి వెళుతోంది. శక్తి ఊరికే పుట్టదని చెప్పి జీతం తీసుకున్నదాన్ని, నా ప్రోగ్రామే దాన్ని ఊరికే పుట్టిస్తోంది.

కోర్సువాళ్ల చర్చల పేజీలో అడిగాను. ఎవరో జవాబిచ్చారు: కాలం ముక్కల్ని ఇంకా సన్నగా కోయండి, అయినా మొదటిసారి నేర్చుకునేవాళ్లు ఇంత కష్టమైనది ఎత్తుకోకుండా తేలికైన ప్రాజెక్టు చూసుకుంటే మంచిది. సన్నగా కోసి చూశాను. పెరగడం నెమ్మదించింది గానీ ఆగలేదు. ఇక తేలికైన ప్రాజెక్టు సంగతా, ఆ సలహా ఇచ్చింది ఎవరైనా సరే, వాళ్లకు నా సంగతి తెలియదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా మళ్లీ కూర్చున్నాను. లైను లైనూ వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. గుండుని జరిపే దగ్గర, అప్పుడే కట్టిన కొత్త వేగం ఉండగా, అంతకుముందు ముక్కలోని పాత వేగం వాడుతున్నాను. ఆ ఒక్క చోట పాతది తీసి కొత్తది పెట్టి నడిపాను. గ్రాఫు తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఎత్తులో, అలల్లాగా సాగిపోయింది.

"ఆగింది! పెరగడం ఆగింది అత్తయ్యా!" అని అరిచాను.

లోపలి గదిలోంచి ఆవిడ కంగారుగా వచ్చింది. "ఏంటే, బీపీనా?"

జూన్ చివర్లో ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, ల్యాబు నేనే తీసుకుంటానని చెప్పాను. సర్టిఫికెట్ ఉందా అని అడిగారు.

"సర్టిఫికెట్ ఎందుకండీ, నేనే వచ్చాను కదా. డెమో పెట్టించండి. మీరూ రండి, కంప్యూటర్ సార్నీ రమ్మనండి."

పెట్టించారు. కొత్తగా చేరిన పిల్లలు బెంచీల మీద కూర్చున్నారు. కూచిపూడి వైపు పిల్ల ముందు బెంచీలోనే ఉంది. ల్యాబు దూలానికి ఒకే పొడవున్న రెండు దారాలు కట్టి, ఒకే రకం గుండ్లు వేలాడదీశాను. ఒకటి కొంచెమే లాగమని ఒక పిల్లకి ఇచ్చాను. రెండోది అడ్డంగా నేను లాగి పట్టుకున్నాను.

"పుస్తకంలో సూత్రం ప్రకారం రెండూ ఒకేసారి తిరిగి రావాలి. వస్తాయా?"

"వస్తాయి మేడమ్!"

ఇద్దరం ఒక్కసారే వదిలాం. చిన్నగా లాగింది ముందు తిరిగి వచ్చేసింది. నాది ఆలస్యంగా వచ్చింది. పిల్లలు మళ్లీ చేయమన్నారు. మళ్లీ అంతే. అప్పుడు నా ప్రోగ్రాము నడిపాను. తెర మీద రెండు గీతలు ఒకేసారి బయల్దేరి, చూస్తుండగానే విడిపోయాయి. కళ్లతో చూసిందే గీతల్లో కనిపించింది.

"కోణం చిన్నదనుకోండి అని పుస్తకం అంటది. ఈ ల్యాబులో మనం అనుకోనక్కర్లేదు," అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదైంది. తగ్గించుకోలేదు.

పిల్లలు వెళ్లాక ప్రిన్సిపాల్ బాగుందన్నారు. మధ్యేమార్గం ఒకటి చెప్పారు. "ల్యాబు సారు పేరు మీదే ఉండనిద్దాం. మీరు పక్కనుండి సాయం చేయండి."

"సాయానికి రానండీ. చెప్తే నేనే చెప్తా. సారు కూర్చుంటానంటే కుర్చీ వేయిస్తా."

కంప్యూటర్ సారు పాపం మెత్తని మనిషి. గొంతు సవరించుకుని, "నాకసలే క్లాసులు ఎక్కువయ్యాయండీ. మేడమ్‌కే ఇచ్చేయండి," అన్నాడు. అందుకు ఆయనకు ఇప్పటికీ థ్యాంక్స్ చెప్పుకుంటాను. ఆయన ఆ మాట అనకపోయినా నేను లేచి వచ్చేదాన్ని కాదు.

సరే, ఈ సెమిస్టరు ట్రయల్‌గా చూద్దాం అన్నారు ప్రిన్సిపాల్. ట్రయల్ అయితే అందరికీ ట్రయలే, నా ఒక్కదానికే అయితే వద్దన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ల్యాబు నాకొచ్చింది.

అందరికీ ఏదో వచ్చేసిందని చెప్పను. ఇద్దరు పిల్లలు మధ్యలో వేరే గ్రూపుకు మారిపోయారు. కొందరు పక్కవాళ్లది చూసి కొట్టి పెడతారు, పట్టుకుంటూనే ఉంటాను. నాకు తెలియనివి అడిగినప్పుడు తెలియదనే చెప్పి, అక్కడే కూర్చుని వాళ్లతో కలిసి వెతుకుతాను. ఇప్పుడు అదే భాషలో దీనికంటే కష్టమైన కోర్సులో చేరాను. అందులో సగం అర్థం కావడం లేదు. అవుతుంది.

నోటీసు బోర్డు మీద టైంటేబుల్ పెట్టినప్పుడల్లా, ఆఫీసువాళ్లు మా పీరియడు దగ్గర ‘కంప్యూటర్ క్లాసు’ అని టైపు చేస్తారు. నేను స్టాఫ్ రూముకి వెళ్లే దారిలో ఆగి, పెన్ను తీసి, దాన్ని కొట్టేసి పైన ‘ఫిజిక్సు ల్యాబు’ అని రాస్తాను. ఎవరు కొట్టేస్తున్నారో అందరికీ తెలుసు. ఈ సోమవారం కూడా కొట్టేశాను.