మంచికాలికి కట్టు

ఫుట్‌బాల్ జట్టులో అందరికన్నా పెద్దవాడు కాబట్టి ఆ డిఫెండరును పెద్దన్న అంటారు. మైదానంలో అడుగుపెట్టే ముందు గడ్డిని తాకి నుదుటికి అద్దుకుంటాడు. దెబ్బ తగిలితే పళ్ళు బిగపట్టి నవ్వుతాడు. ఈసారి సీజను మొదలుకాకముందే అతని ఎడమ చీలమండ బెణికింది. ఆ మాట బయటపెడితే తొలి ఆటలో తన చోటు పోతుందని బెంగ. అందుకని పాత ఉపాయమే పన్ని, చిన్న దెబ్బేనంటూ కట్టు కుడికాలికి కట్టుకున్నాడు. ఎదుటివాళ్ళు గురిపెట్టేది కట్టున్న కాలికే కదా! అయితే ఆరోజు ప్రాక్టీసులో ఎదుట నిలిచింది సొంత జట్టువాళ్ళే.

"పాపం, పెద్దన్న కుడికాలు జాగ్రత్తరోయ్!" అనుకుంటూ వాళ్ళంతా ఎంతో దయగా ఎడమవైపు నుంచే వచ్చి పడ్డారు. కాసేపటికి అతను గడ్డిమీద చతికిలబడి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఒరే, జాలిపడి చంపేసేట్టున్నారు! నొప్పి ఈ కాలికిరా!"

కోచ్ తల పట్టుకుని, పక్కనున్న కుర్ర ఆటగాణ్ణి చూపించాడు. "తొలి ఆట నీ బదులు వీడు ఆడతాడు. తగ్గాకే నువ్వు రా."

ఆ 'వీడు' అప్పటికే మోకాళ్ళమీద కూర్చుని, పెద్దన్న కుడికాలి కట్టు విప్పి ఎడమకాలికి చుడుతున్నాడు. "అన్నా, నేను తప్పు చేస్తే గట్టున కూర్చుని అరవాలి, సరేనా?"

"నీ చెవులు చిల్లులు పడేలా అరుస్తాన్రా!" అన్నాడు పెద్దన్న, కాలు హాయిగా చాపుకుంటూ.