మెట్లెక్కని ఫ్రిజ్

నా పరువూ, జీతమూ, మా ఇంటి పాల ప్యాకెట్టూ ఒక్క ఫ్రిజ్ దెబ్బకి ఎలా పోయాయో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. తప్పంతా నాదేనని మాత్రం అనకండి. ఆ మాట అన్నవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. వాళ్ళందరికీ మా ఆవిడే నాయకురాలు.

అప్పుడు మాకు కొత్తగా పెళ్ళయింది. గజపతినగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. అప్పలనర్సమ్మ గారనే పెద్దావిడ ఇంట్లో మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. కింద ఆవిడొక్కతే ఉండేది. మా ఆవిడ సునీతది ఆమదాలవలస, కిరాణా కొట్టు నడిపే కుటుంబం. జీతం రాగానే అద్దెకింత, బియ్యానికింత, పాలకింత అని విడదీసి, మిగిలింది నా కంట పడకుండా దాచేది. అలా దాచినదాంతో ఎండలు ముదిరేలోగా ఒక చిన్న ఫ్రిజ్ కొనుక్కోవాలని మా ఒప్పందం. అంతా సవ్యంగానే సాగేది, విజయనగరం నుంచి మా తోడల్లుడు ఫోను చెయ్యకపోయి ఉంటే.

"ఏటి తమ్ముడూ, ఇంకా కుండనీళ్ళేనా? మేం రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నాం. గ్లాసు ఎడితే సాలు, ఐసుముక్కలు వాటంతటవే పడతన్నాయి," అన్నాడు.

మీరే చెప్పండి, ఇది సాటి మనిషితో అనవలసిన మాటేనా? పడితే పడ్డాయి, వాటిని ఆ గ్లాసులో పడనివ్వకుండా తెచ్చి నా చెవిలో పొయ్యడం ఎందుకు?

ఆ ఆదివారం సునీత డబ్బు నా చేతిలో పెట్టి, "సిన్నది. ఒంటి తలుపుది. ఆళ్ళు ఇంకేటి సూపించినా సూడకండి," అంది. సరేనని విజయనగరం బస్సెక్కాను.

షాపులో టై కట్టుకున్న సేల్స్‌మాన్ ఒకాయన ఎదురొచ్చాడు. అంత ఎండలో టై కట్టుకున్నవాణ్ణి చూసినప్పుడే నేను వెనక్కి తిరగాల్సింది.

"సార్ ఏం చేస్తుంటారు?"

"టీచర్ని."

"అయితే ఈ చిన్నవి మీకు బాగోవు సార్. ఇటు రండి," అని ఒక మూలకి తీసుకెళ్ళాడు. అక్కడ నిలబడి ఉంది, పెళ్ళికొచ్చిన ఎమ్మెల్యేలాగా, నల్లగా, నిగనిగలాడుతూ, రెండు తలుపులతో.

"అంత డబ్బు నా దగ్గర లేదండీ."

"డబ్బెవరడిగారు సార్? ఉన్నది కట్టండి. మిగతాది నెలనెలా బ్యాంకులోంచి అదే పోతుంది. మీకు తెలియను కూడా తెలియదు."

తెలియదట. లెక్కల మాస్టారికి. ఆ వారమే పిల్లలకి వడ్డీ లెక్కలు చెప్పి, తప్పు చేసినవాళ్ళని బెంచీ ఎక్కించాను. అలాంటి నేను చల్లగాలి తగిలే ఆ షాపులో కూర్చుని, వాళ్ళిచ్చిన కూల్‌డ్రింకు తాగి, చూపించిన చోటల్లా సంతకం పెట్టేశాను. తాగించి సంతకాలు పెట్టించుకోవడం న్యాయమా అని ఇప్పటికీ అడుగుతున్నాను.

మర్నాడు సాయంత్రం ఫ్రిజ్ వచ్చింది. హమాలీలు అట్టపెట్టె విప్పి, మెట్ల మలుపు దాకా మోసుకెళ్ళారు. అక్కడ అది ఇరుక్కుంది. పైకీ కదలదు, కిందికీ రాదు. సునీత పైన, నేను కింద, మధ్యలో అది.

"ఏటండీ ఇది?" ఫ్రిజ్ వెనక నుంచి సునీత గొంతు.

"ఫ్రిజ్."

"బీరువా అనుకున్నాను. ఎంతయ్యింది?"

"నువ్వు కిందికి రా, నెమ్మదిగా చెప్తాను."

"ఎలగ వస్తాను?"

అదీ నిజమే. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో ఆ ఫ్రిజ్ నాకు కోటగోడలా కనిపించి, కాస్త ధైర్యం కూడా వచ్చింది.

"కొలుసుకోకుండా కొనీసారేటి సారూ?" అన్నాడు హమాలీల్లో పెద్దాయన. ఘనపరిమాణం పాఠం చెప్పేవాణ్ణి పట్టుకుని అడగవలసిన ప్రశ్నేనా అది?

షాపుకి ఫోను చేస్తే, పెట్టె విప్పాక వాపసు తీసుకోవడం కుదరదన్నారు. ముందురోజు నన్ను అల్లుణ్ణి చూసినట్టు చూసినవాళ్ళే. చివరికి మలుపు దగ్గర గోడ పెచ్చులూడగొట్టుకుంటూ దాన్ని కిందికి దింపారు.

వీధి గుమ్మంలో నిలబడి అంతా చూసిన అప్పలనర్సమ్మ గారు, "వానొస్తే తడిసిపోతాది బాబూ. నా హాల్లో ఎట్టండి. మనలో మనకేటి," అంది.

ఎంత మంచి మనసో అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

మొదట్లో అందులో ఒక చివర మా మంచినీళ్ళ సీసా, ఇంకో చివర ఆవిడ పెరుగు గిన్నె ఉండేవి. తరవాత ఆవిడ పనసముక్కలొచ్చాయి. ఆ తరవాత ఇడ్లీ రుబ్బు గిన్నెలు. కొన్నాళ్ళకి చూస్తే ఆవిడ ఆ రుబ్బు కవర్లలో కట్టి వీధంతటికీ అమ్ముతోంది. మా సీసాకి చోటు లేక మాకే తిప్పి పంపింది. కరెంటు బిల్లు రాగానే పైకొచ్చి, "మీ పెట్టె తింటన్న కరెంటు గదా బాబూ," అని కాగితం నా చేతిలో పెట్టింది. కట్టాను. ఎందుకు కట్టానని అడగకండి.

ఇక బ్యాంకులోంచి డబ్బు తెలియకుండా పోతుందన్నారు కదా, అందరికీ తెలిసేటట్టే పోయింది. మాకు పాలు తగ్గాయి. నా బండి పెట్రోలు లేక గోడకి ఆనుకుంది, నేను ఎండలో నడిచి స్కూలుకెళ్ళాను. సునీత పచ్చి మజ్జిగలో ఇన్ని నీళ్ళు పోసి నా ముందు పెట్టేది. ఆ మజ్జిగ చాలు, వేరే తిట్లక్కర్లేదు. అద్దె కూడా ఆగిపోయింది.

ఒక పొద్దున్న నేను దిగి వస్తుంటే, అప్పలనర్సమ్మ గారు నా ఫ్రిజ్ తలుపు తీసి, నా కరెంటుతో చల్లబడిన రుబ్బు పట్టుకుని నిలబడి, "అద్దె మాటేటి బాబూ?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు నా ఫ్రిజ్‌తో వ్యాపారం చేస్తూ నన్ను అద్దె అడుగుతారా?" అన్నాను.

ఆవిడ నింపాదిగా, "మీ పెట్టె నా హాలంతా ఆక్రమించీసింది. దానికి నానేటైనా అద్దె అడిగేనా?" అంది.

నేను మేడెక్కి సునీతతో చెప్పాను. తను చీర కుచ్చెళ్ళు సర్దుకుని కిందికెళ్ళింది. అన్నం ఉడికేలోగా తిరిగొచ్చింది.

"ఫ్రిజ్ ఆవిడికి అమ్మీసేను. దాని ఖరీదు తీరేదాకా మనం అద్దె కట్టక్కర్లేదు. ఆ అద్దె డబ్బులే వాయిదాకి కట్టీవచ్చు. కరెంటు బిల్లు ఆవిడిదే. రోజూ మనకి ఇడ్లీ రుబ్బు ఉత్తినే ఇస్తాది," అంది.

ఇంతకాలం నేను ఆవేశపడి సాధించలేనిది మా ఆవిడ అన్నం ఉడికేలోగా సాధించడం నాకు ఎంత అవమానమో ఆలోచించండి. అయినా ఆ రుబ్బుతో వేసిన అట్లు బాగానే ఉండేవి.

వాయిదాలన్నీ తీరిన నెలలో ఆ షాపు నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. "సార్ మా మంచి కస్టమర్. ఇప్పుడు గోడంత టీవీ తీసుకోవచ్చు," అంటోంది. నేను, "ఎంత గోడ?" అని అడుగుతూ ఉండగానే సునీత ఫోను లాక్కుంది.

"ఆయన మైనరండీ. ఏటున్నా గార్డియన్‌తో మాట్లాడండి. నానే," అని పెట్టేసింది.

కాబట్టి యావన్మందికీ తెలియజేసుకునేదేమంటే, ఇకమీదట నేను ఏ షాపు మెట్లూ ఎక్కను, ఎక్కినా కూర్చోను, కూర్చున్నా కూల్‌డ్రింకు ముట్టను. ఇది నా భీషణ ప్రతిజ్ఞ. మైనర్ల ప్రతిజ్ఞలు చెల్లుతాయో లేదో మా గార్డియన్‌ని అడగండి.