దొంగ అట్టలు

చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసే చీరల అంచుల్లో సగం తన బుర్రలోంచి ఊడిపడ్డవేనని వీరాంజనేయులు నమ్మకం. మిగతా సగం తన దగ్గర కాజేసినవని ఇంకా గట్టి నమ్మకం. మనిషికి అరవై దాటినా కోపం ఇంకా ముక్కు మీదే ఉంది. ఆయన తండ్రి గళ్ళ కాయితం మీద పెన్సిలుతో అంచులు గీసేవాడు. ఆ గళ్ళను బట్టి అట్టలకు చిల్లులు కొట్టి, అట్టలన్నీ దారంతో వరసగా కుట్టి, మగ్గం నెత్తినుండే జకార్డుకు ఎక్కిస్తే, ఏ పోగు లేవాలో ఏ పోగు పడుకోవాలో ఆ చిల్లులే చెబుతాయి. హంస అయినా మామిడి పిందె అయినా అట్టలో ఉంటేనే చీరలోకి వస్తుంది. ఆ విద్య వీరాంజనేయులుకు పదహారో ఏటికే చేతికొచ్చింది.

ఇరవై ఏళ్ళ కిందట మోటార్ సైకిల్ అమ్మేసి, అంచులు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాడు. కంప్యూటరు వెనక గుచ్చడానికి బొటనవేలంత తాళం ముక్క ఇచ్చారు. అది ఉన్నంతకాలం పని జరిగింది. ఆ తర్వాత కంపెనీవాడి మొహం ఈయన చూడలేదు, ఈయన మొహం వాడు చూడలేదు. అమ్మకమంటే అలా ఉండాలి. ఆ సంబరంలో పాత అంచులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేసి, గుట్టలు పడ్డ అట్టల్ని, తండ్రి గీసిన గళ్ళ కాయితాలతో సహా, పాత పేపర్లవాడికి కిలోల లెక్కన తూచేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే తెలివి అందరికీ ఉంటుంది. మన వాడికి ఇంకాస్త ముందే ఉంది, ఏరు సగంలోనే తగలేశాడు.

రెండేళ్ళ కిందట ఆ కంప్యూటర్ చచ్చింది. కొత్తదాంట్లో పాత సాఫ్ట్‌వేర్ నడవనంది. అప్పుడు గుంటూరు నుంచి చైతన్యకృష్ణ అనే కుర్రాడు దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు, నోట్లో తేనె.

"ఇప్పుడెవరూ అమ్మట్లేదంకుల్. నెలనెలా చందా కట్టుకుని వాడుకోవడమే."

"అంటే చచ్చేదాకా కడుతూనే ఉండాలా?"

"అలా ఎందుకనుకుంటారు అంకుల్? ఎప్పటికప్పుడు కొత్త ఫీచర్లు వస్తుంటాయి కదా!"

వీరాంజనేయులు తండ్రి గీసిన హంస మెడ యాభై ఏళ్ళుగా ఒకే వంపు తిరిగి ఉంది. దానికి నెలనెలా కొత్తగా ఏం మొలుస్తుందో ఆ కుర్రాడికే తెలియాలి. కానీ తడిగుడ్డతో గొంతు కోసేవాడు ముందు గుడ్డే చూపిస్తాడు. ఆ కుర్రాడు రెండు రోజులు కదలకుండా కూర్చుని, పాత డిస్కులోని నాలుగొందల పైచిలుకు అంచుల్ని పైసా తీసుకోకుండా తమ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చిపెట్టాడు. "మీ డిజైన్లు ఇక క్లౌడ్‌లో ఉంటాయంకుల్, చెదలు కూడా పట్టవు" అన్నాడు. వీరాంజనేయులు పొంగిపోయి, పాత కంప్యూటర్ని డిస్కుతో సహా షాపువాడికి ఇచ్చేసి, కొత్తదాని ధరలో పన్నెండొందలు తగ్గించుకున్నాడు.

మొదటి ఆరు నెలలు ఎనిమిది వందలు. తర్వాత పదిహేనొందలు. ఈ ఏడు ఇరవై నాలుగొందలు. చిర్రెత్తుకొచ్చి "కట్టను పో" అని మానేశాడు. నాలుగో రోజున తెర మీద అంచులన్నీ పోస్టేజీ బిళ్ళలంత బొమ్మలై నిలబడ్డాయి. ఒక్కొక్కదాని మీద ఒక్కో తాళం బొమ్మ. చూడొచ్చు, ముట్టుకోకూడదు. గుడి బయట నిలబెట్టినట్టు నిలబెట్టారు, ఆ దేవుణ్ణి చెక్కినవాణ్ణి.

ఫోన్ చేస్తే ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "డిజైన్లు మీవే సర్. వాటి మీద పూర్తి హక్కులు మీవే. ఓపెన్ చేయడానికి మాత్రమే ప్లాన్ కావాలి సర్."

"ఇల్లు నాది, తలుపు నీదా తల్లీ?"

"మీకు ఇంకేమైనా సహాయం కావాలా సర్?"

మానేసినవాళ్ళు మళ్ళీ తెరిపించుకోవాలంటే ఏడాది చందా ఒకేసారి కట్టాలట. అంత డబ్బు చేతిలో లేదు, ఉన్నా కట్టే మనసు లేదు. అదే వారంలో హైదరాబాద్ షాపు నుంచి జోడు హంసల అంచుకు పది మగ్గాల పని వచ్చింది. పది రోజుల్లో అట్టలు కావాలన్నారు. తండ్రి గీసిన అంచు అది. కళ్ళు మూసుకుని గీద్దామని కూర్చుంటే మొదటి హంస బాతులా వచ్చింది. రెండోది కోడిలా వచ్చింది. కాయితం నలిపి పారేసి, తన చేతుల వంక చూసుకుని భయపడ్డాడు. ఈ అంచు పోతే తండ్రి పోయినట్టే, తను ఉన్నా లేనట్టే.

ఇక్కడొక మాట చెప్పాలి. వీరాంజనేయులు తనంతట తాను చెప్పడు. తన జన్మలో ఆయన ఏ నేతగాడికీ అట్టలు అమ్మలేదు. అద్దెకే ఇచ్చాడు, పడుగుకి ఇంతని. అద్దె తప్పితే కత్తెర పట్టుకుని వచ్చి, దారాలు తెంపి, అట్టలు చంకన పెట్టుకుని పోయేవాడు. బుల్లయ్యకు పచ్చకామెర్లు వచ్చి రెండు పడుగుల అద్దె ఆగిపోతే అలాగే వెళ్ళాడు. చీర సగం మీద ఉంది. "ఈ చీర కోసేదాకా ఉంచన్నా" అని బుల్లయ్య మంచం మీంచే చేతులు జోడించాడు. ఉంచలేదు. రెండు నెలలు తిరక్కుండా అవే హంసలు బుల్లయ్య మగ్గం మీంచి మళ్ళీ దిగాయి. మొగుడూ పెళ్ళాలు ముందే చొక్కాల డబ్బాల అట్టలు కత్తిరించి, చిల్లు మీద చిల్లు కొట్టి దాచుకున్నారు. వీరాంజనేయులు వీధిలో నిలబడి "దొంగల్లారా" అని గొంతు చించుకుని, ఇరవై రెండేళ్ళు ఆ వీధి మొహం చూడలేదు. బుల్లయ్య పోయినప్పుడూ వెళ్ళలేదు.

ఇప్పుడు వెళ్ళాడు.

బుల్లయ్య భార్య పిచ్చమ్మ గుంట మగ్గంలో కాళ్ళు దించి నేస్తోంది. నెత్తిన చొక్కాల డబ్బాల అట్టలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి. కింద అంచులో హంసలు, మెడ వంపు ఒక్క పోగు కూడా తప్పలేదు.

"ఏమన్నయ్యా, దారి తప్పావా?"

వీరాంజనేయులు తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడి, "ఆ హంసలు ఒకసారి కాయితం మీదకి ఎక్కించుకుంటానమ్మా. ఏదన్నా ఇస్తాలే" అన్నాడు.

"నీ హంసలేగా? నీ దగ్గర లేవా?"

చందా సంగతి, తాళాల సంగతి, ఫోన్లో అమ్మాయి సంగతి అన్నీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ గొంతు తగ్గింది. పిచ్చమ్మ నేత ఆపి అంతా విని అడిగింది.

"అయితే అన్నయ్యా, చీర సగంలో ఉండగా తీసుకుపోయారా, కోసుకున్నాక తీసుకుపోయారా?"

ఆ కంపెనీవాడు కనీసం కత్తెర పట్టుకుని ఇంట్లోకి రాలేదు.

పిచ్చమ్మే మళ్ళీ అందుకుంది. "నీ డబ్బులు నాకొద్దు. అట్టలు మాత్రం దించను, చీర మగ్గం మీదుంది. కింద కూర్చుని చూసి గీసుకో. నేను మెల్లిగా తొక్కుతాలే."

కూర్చున్నాడు. అట్ట దిగేకొద్దీ గడి నింపుతూ మధ్యాహ్నానికి ఒక హంస పూర్తిచేశాడు. చిల్లు కనబడనిచోట పిచ్చమ్మ ఆగింది. మంచినీళ్ళిచ్చింది కానీ నవ్వలేదు.

సాయంత్రం లేవబోతూ, గొంతు సవరించుకుని అడిగాడు. "మిగతావి... ఇంకెవరి దగ్గరైనా ఉండి ఉంటాయా అమ్మా?"

"లేకేం? అప్పుడు నీ భయానికి చెప్పలేదు గానీ, ఊరంతా నీ అట్టలు చూసి చిల్లులు కొట్టుకున్నాం. మామిడి పిందె ప్రభు ఇంట్లో ఉంది. దీపాల అంచు ఆయేషా వాళ్ళ అటక మీద. జల్లెడ పువ్వు రెబ్కా దగ్గర..."

ఈ పేర్ల కోసం వీరాంజనేయులు ఇరవై ఏళ్ళు వెతికాడు. తెలిస్తే స్టేషన్లో కేసు పెట్టి, నడివీధిలో నిలబెట్టి కడిగేద్దామని. ఇప్పుడు గళ్ళ కాయితం తిరగేసి, పెన్సిలు తడిచేసుకుని, ఒక్కో పేరే రాసుకుంటూ, ప్రతి పేరు పక్కనా 'గారు' అని చేర్చాడు.