ఐసు పెట్టె మీద ఆఖరి రేసు

ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ కొనడమంటే ఇంటిల్లిపాదికీ పెద్ద హడావుడి. కొనడానికి నెలల ముందునుంచే దాని గురించి మాట్లాడుకునేవాళ్లం. నేనైతే మరీను. విజయవాడ వన్‌టౌన్‌లో ఉంటూ ఇంజనీరింగ్ వెలగబెడుతున్న నాకు కంప్యూటర్ పత్రికలు తిరగేసే పిచ్చి ఉండేది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ర్యామ్ ఎంతుండాలో, ప్రాసెసర్ ఏదైతే మేలో చెప్పేవాణ్ణి. దాంతో వీధిలో నాకు ‘కాన్ఫిగరేషన్’ అనే పేరు స్థిరపడిపోయింది. (అప్పటికి నాకు సొంతంగా ఒక మౌస్ కూడా లేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.)

నాన్నది చేపల హోల్‌సేల్ వ్యాపారం. చదువుకి, కాస్త ఆటలకి అని నేను ముందే చెబితే సరేనని, అమ్మని కూడా వెంటబెట్టుకుని ఏలూరు రోడ్డులో షాపుకి బయల్దేరదీశాడు. షాపతను మా వాడకం ఏమిటో విని, ఉన్న డబ్బుకి ర్యామ్ ఎక్కువున్నది తీసుకోమన్నాడు. వేరే గ్రాఫిక్స్ కార్డున్నది కూడా అదే ధరకి వస్తుంది గానీ, ర్యామ్ తక్కువ, పైగా వేడెక్కుతుందని మర్యాదగా హెచ్చరించాడు. కార్డు లేకపోతే కార్ల రేసు ఆట నడవదని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. అమ్మకి మాత్రం పాటల శబ్దం గట్టిగా వస్తే చాలు. నాన్న మా ఎవరి మాటా వినకుండా రెండింటినీ చెరో చేత్తో ఎత్తి చూశాడు. ర్యామ్ ఎక్కువున్నది పక్కన పెట్టేసి, “ఇది మరీ తేలిగ్గా ఉందండీ. లోపల సరుకున్నట్టు లేదు,” అన్నాడు. ఆ విధంగా నా జ్ఞానమూ, నాన్న చెయ్యీ ఒకే ల్యాప్‌టాప్ మీద కుదిరాయి.

వచ్చిన చిక్కల్లా గన్నవరంలో ఉండే మా మేనత్త కొడుకుతో. వాణ్ణి స్పీడు బావ అనేవాళ్లం. వాళ్లింట్లో కంప్యూటర్ మీద అదే కార్ల ఆట ఆఖరి రేసు దాకా నెగ్గినవాడు. మా కొత్త సరుకుని చూడ్డానికి మే నెల ఎండలో పనిగట్టుకుని వచ్చి, అరచేత్తో దాని వీపు తట్టి, “ఈ పలకలో ఆఖరి రేసు ఆగకుండా నడిస్తే నువ్వు నిజంగా కాన్ఫిగరేషన్‌వేరా,” అన్నాడు. వీధిలో నా పరువంతా ఆ రేసు మీదకి వచ్చి కూర్చుంది. మొదలుపెట్టాను. రెండు మలుపులు తిరిగానో లేదో, ల్యాప్‌టాప్ బుసకొట్టి, ఠక్కున ఆరిపోయింది. దాని మీద దోసె వేసుకోవచ్చు, అంత వేడి. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆరిపోయింది. బావ నవ్వలేదు. మంచినీళ్లు తాగుతావా అని జాలిగా అడిగాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

భోజనానికి వచ్చిన నాన్న సంగతి విని, “వేడెక్కితే ఐసెయ్యాలి గదా,” అని, చేపల లారీల కోసం ఉంచిన థర్మాకోల్ పెట్టె ఒకటి ముందుగదిలోకి తెప్పించి, దాన్నిండా ఐసు పొడి నింపించాడు. అమ్మ ఫ్రిజ్‌లోంచి జాలీ అర ఊడదీసి పెట్టె మీద పరిచి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టింది. తేమ తగిలితే లోపలి సర్క్యూట్లు పోతాయని నేను లబోదిబోమన్నాను. నాన్న తాపీగా తలపాగా తువ్వాలు విప్పి ముఖం తుడుచుకుంటూ, “కొల్లేరు చేప కలకత్తా దాకా చెడకుండా పోతంది. ఇది మన ముందుగది దాటి యాడికీ పోనక్కర్లేదు గదా. ఆడు,” అన్నాడు.

ఆడాను. చల్లటి గాలికి ఆ ల్యాప్‌టాప్ ప్రాణం లేచొచ్చింది. పక్కింటివాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఏ కారు నాదో తెలియకపోయినా అమ్మ ప్రతి మలుపులోనూ నా భుజం పట్టుకుని ఊపేసింది. ఆఖరి రేసు ఆగకుండా నడిచింది, నేను నెగ్గాను కూడా. నాన్న మాత్రం తెర వైపు కాకుండా, ఐసు ఎంత మిగిలిందో చూస్తున్నాడు.

మర్నాడు ల్యాప్‌టాప్ లేవలేదు. రిపేరు చేసినతను మూత తీసి, వాసన చూసి, దీన్ని ఎక్కడ పెట్టారండీ అని అడిగితే నేను గోడమీది క్యాలెండర్ చదువుతూ నిలబడ్డాను. బాగుపడింది గానీ, ఫ్యాను తిరిగినప్పుడల్లా సన్నటి చేపల వాసన మాత్రం దాంతోపాటే బతికింది. కొన్నాళ్లకి స్పీడు బావ కూడా ల్యాప్‌టాప్ కొన్నాడు. ఏ కాన్ఫిగరేషన్ తీసుకోవాలో నన్నడగలేదు. కొన్నాక ఫోను మాత్రం నాన్నకి చేశాడు. “మామయ్యా, పాత థర్మాకోల్ పెట్టె ఏదైనా ఉంటే పంపిస్తారా?”

ఆ తరవాత ఎన్నో ల్యాప్‌టాప్‌లు మార్చాను. ఇప్పుడున్న దాంట్లో ర్యామూ ఉంది, గ్రాఫిక్స్ కార్డూ ఉంది. ఎంతసేపు ఆడినా వేడెక్కదు. అప్పుడప్పుడు తలుపు వేసుకుని అదే కార్ల ఆట ఒక్కణ్ణే ఆడతాను. నెగ్గుతాను కూడా. నెగ్గాక భుజం ఊపేవాళ్లు లేక కాస్త వెలితిగా ఉంటుంది. అప్పుడు, ఎవరైనా చూస్తే నవ్విపోతారని తెలిసి కూడా, ఫ్యాను దగ్గర ముక్కు పెట్టి ఒకసారి వాసన చూస్తాను.