బుడగ లేని సీసా

బుడగమ్మకి అసలు పేరు ఉంది కానీ అది ఆఫీసు హాజరు పట్టీ దాటి బయటికి రాదు. బావుల్లోంచి నీటి నమూనాలు పట్టడం ఆమె ఉద్యోగం. సీసాలో ఆవగింజంత గాలిబుడగ కనబడినా పారబోసి మళ్ళీ నింపుతుంది. బుడగ ఉంటే నీళ్ళలోని విషం కాస్తా ఆవిరై అందులోకి జారుకుంటుంది, పరీక్షలో నీళ్ళు తమకి లేని మంచితనం ఒలకబోస్తాయి. పేరు పెట్టినవాళ్ళు వెక్కిరింతకే పెట్టారు; ఆమె మాత్రం దాన్ని బిరుదులా మోస్తోంది.

ఆ విషం పుట్టింది వాళ్ళ ఇంటి వెనకే. ఒకప్పుడు అక్కడ డ్రైక్లీనింగ్ షాపు ఉండేది. ఇరవై ఏళ్ళు మిషను నడిపింది వాళ్ళ నాన్న. బట్టలు శుభ్రం చేశాక మిగిలిన మందుని యజమాని చూపించిన చోట, కుళాయి పక్కన, నేల మీద పోసేవాడు. వద్దన్నవాళ్ళు లేరు. అది ఇంకి ఇంకి వీధిలో బోర్లన్నిటినీ పాడుచేసింది. వాటికి తాళాలు పడిన రోజు నుంచి, అంటే పదకొండేళ్ళుగా, నాన్న పెరటి తలుపు తీయలేదు. ఇంట్లో ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయనకి ఎక్కువ బాధ.

అలాంటి చోటికి, నేలని బాగుచేయడానికి, బుడగమ్మ ఆఫీసు ఇంజినీరు ఒక స్టీలు డ్రమ్ము తెచ్చాడు. అందులో ఉన్నవి కంటికి కనబడని జీవులు. మనకి గాలి ఎలాగో వాటికి ఆ మందు అలాగ. దాన్నే పీల్చి, ముక్కలు చేసి బతుకుతాయి. నిజం గాలి తగిలితే మాత్రం చస్తాయి. పెరట్లో తవ్విన బావుల్లోంచి వాటిని నేలలోకి దించారు; వాటికి మేతగా బుడగమ్మ నెలనెలా పైపుతో మొలాసిస్ నీళ్ళు, అంటే చెరకు మడ్డి కలిపిన నీళ్ళు, పోసింది. ఆరు నెలలు మేపినా పెద్దగా పని కనబడకపోయేసరికి నాన్న వాటికి అల్లుళ్ళని పేరు పెట్టాడు.

మందు విరిగి విరిగి వినైల్ క్లోరైడ్ అనే ఇంకో విషం దగ్గర ఆగిపోయింది. అది మొదటిదాని కన్నా చెడ్డది. మరో మూడు నెలల్లో అది తగ్గకపోతే బావుల్ని సిమెంటుతో పూడ్చి వెళ్ళిపోతామన్నాడు ఇంజినీరు. సంగతి విని నాన్న, "నేను పోసింది వాటికి కూడా అరగలేదే అమ్మాయ్," అన్నాడు. 

మర్నాడు మొలాసిస్ పోస్తుంటే ఆమె చూపు పైపు మీద పడింది. బిగింపు దగ్గర సన్నటి బుడగలు వరస కట్టి లోపలికి పోతున్నాయి! సీసాలో ఒక్క బుడగని క్షమించని మనిషి, ఆరు నెలలుగా తన చేత్తోనే అల్లుళ్ళకి బుడగలు తాగిస్తోంది. సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా దాచకుండా వెళ్ళి ఇంజినీరుకి చెప్పేసింది. ఆయన తిట్టలేదు, కొత్త డ్రమ్ము తెప్పించాడు. బిగింపులన్నీ ఆమె స్వయంగా మార్చింది. మొలాసిస్ నీళ్ళలోంచి గాలి పోయేదాకా నైట్రోజన్ ఊది మరీ పోసింది.

మూడో నెల నమూనా ఫలితాల కాగితం చేతికొచ్చింది. వినైల్ క్లోరైడ్ పదో వంతుకి పడిపోయింది. కింద, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉండే గడిలో, ఎథిలీన్! ఆమెకి కాళ్ళు నేల మీద నిలవలేదు. అంత వయసొచ్చిన మనిషీ వీధి పొడుగునా పరుగెత్తింది.

"అరిగింది నాన్నా!" అంది రొప్పుతూ.

"అరిగి ఏమైంది?"

"ఎథిలీన్. కాయల్ని పండబెట్టే గ్యాసు."

నాన్న ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి చెప్పులేసుకున్నాడు. పెరటి తలుపు గడియ తుప్పుపట్టి ఒక పట్టాన రాలేదు. రెండు చేతులతో లాగాడు. బయటికొచ్చి కుళాయి దాటి, బావుల్ని దాటి, గోడ మూల దాకా నడిచి ఆగాడు.

"ఎండాకాలం షాపు నుంచి కుళాయి దాకా మోయలేక ఇక్కడ కూడా పోసేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు," అన్నాడు. "మీ ఆఫీసు పటంలో ఈ చోటు లేదు కదూ?"

లేదు. ఆమె కళ్ళు తుడుచుకుని, ఆయన పాదం పక్కనే గుర్తుగా మేకు పాతి ఇంజినీరుకి ఫోన్ చేసింది.